కనకదుర్గ రంగు వెయ్యని గోరు

చోడవరంలో కనకదుర్గ చేత తిట్టు తినని ఆడమనిషి లేదు. నేను లేదన్నానంటే లేదనే. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మాట నిజమేగానీ, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల మీద సర్వీసాటో తిప్పుతున్నాను. గోవాడ నుంచి రావికమతం దాకా ఏ ఇంట్లో ఏ కూర మాడిందో ఇంజను ఆపకుండా చెప్పగలను. డిగ్రీలు చదివినవాళ్లు చెప్పమనండి చూద్దాం.

కనకదుర్గ ఇల్లు బస్సుల కాంప్లెక్సు వెనక సందులో ఉంది. ముందు రేకుల వరండా, అందులో ఒక స్టూలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ వచ్చినవాళ్లకి, స్టూలు ఆవిడకి. ఆవిడ చేసేది గోళ్లకు రంగులేసే పని. రంగులంటే సీసా తెరిచి పూసేవి కాదు. ఒక్కో గోరు మీద నెమలీకో, మల్లెమొగ్గో, పెళ్లికొడుకు పేరులో మొదటి అక్షరమో వేస్తుంది. చిటికెనవేలి గోరంత జాగాలో సీతమ్మవారి చీర కొంగు వేసిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి, అయినా అబద్ధం కాదు. ఒకసారి గోవాడ నుంచి వచ్చిన ఒకావిడకి పది గోళ్ల మీద పది చెరకు గడలు వేసింది. ఆవిడ ఇంటికెళ్లి చెయ్యి చాపి పడుకుంటే మేక వచ్చి వేళ్లు కొరికేసింది. నమ్మకపోతే మానెయ్యండి, ఆ మేకని నా ఆటోలోనే సంతకి తోలాను.

పని అంత బాగుంటుంది. నోరు మాత్రం అంత చెడ్డది. కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి చాపగానే మొదలుపెడుతుంది.

"ఏటే ఈ గోళ్లు? దుంపలు తవ్వేవా ఏటి?"

"పనులుంటాయి కదా అప్పా."

"పనులు నాకునేవా? సూడు నా సెయ్యి. పళ్లతో కొరికేవు కదూ? కుక్కపిల్లవేటే నువ్వు? ఈ గోటి మీద నానేటి ఎయ్యాల, పంటి గాట్లకి రంగులెయ్యాలా?"

తిట్లు తింటూ కూడా జనం వస్తారు. తిట్టేటప్పుడు కూడా ఆ చెయ్యి మాత్రం గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. నోటికీ చేతికీ మధ్య ఎక్కడో తీగ తెగిపోయిందేమో అనిపిస్తుంది నాకు.

ఆవిడ సామానంతా మూడు గిన్నెల స్టీలు క్యారేజీలో ఉంటుంది. అడుగు గిన్నెలో పాత రంగు తుడిచే అసిటోన్ సీసా, దూది. మధ్య గిన్నెలో గోరు అరగదీసే గరుకు బద్దలు మూడు రకాలు: ముతకది, నడిమిది, పట్టులాంటిది. పై గిన్నెలో జెల్ రంగుల సీసాలు, సన్న కుంచెలు. కుంచెల పక్కనే ఇంకు అయిపోయిన పెన్ను రీఫిల్లులు, చీపురులోంచి లాగిన ఈనెపుల్లలు కూడా ఉంటాయి. రీఫిల్లు మొనతో చుక్కలు పెడుతుంది. ఈనె చివర నమిలి మెత్తబరిచి, దాంతో గీతలు గీస్తుంది. జెల్ రంగు ఆరడానికి నీలం వెలుగు కొట్టే లాంపు ఒకటి కొనుక్కుంది. కరెంటు పోయిన రోజున కస్టమరుని డాబా ఎక్కించి ఎండలో చెయ్యి పెట్టిస్తుంది. మా ఎండకి రంగు రెండు నిమిషాల్లో రాయవుతుంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే పక్కన ఆరబోసిన వడియాలు వేగిపోతాయి.

ఈ విద్య ఆవిడ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్చుకున్నది ప్రవల్లిక వేళ్ల మీద.

ప్రవల్లిక ఆవిడ అన్న దాసు కూతురు. ఆ పిల్లకి ఆరేళ్లప్పుడు తల్లి గున్నమ్మకి టైఫాయిడ్ తగిలితే, రెండు నెలలు కనకదుర్గే పిల్లని తన దగ్గర పెట్టుకుంది. పిల్ల అమ్మ కావాలని ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి ఒక రీఫిల్లు తీసి గోటి మీద ఎర్ర చుక్క పెట్టింది. ఏడుపు ఆగింది. ఇంకో చుక్క పెట్టింది. పది గోళ్లూ అయ్యేసరికి పిల్ల నిద్రపోయిందట. అప్పటి నుంచీ ఆ పిల్ల పుట్టినరోజుకీ, పండక్కీ, స్కూలు డాన్సుకీ గోళ్లు కనకదుర్గవే. "నీ పెళ్లికి ఇరవై గోళ్లూ నానే సేస్తాను. ఇంకొకత్తి సెయ్యెడితే ఇరిచేస్తాను" అని ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆవిడకి పిల్లల్లేరు. భర్త శివాజీ విశాఖపట్నంలో ఏదో కంపెనీలో చేస్తాడు, ఆదివారాలు వచ్చి తిట్లు తిని వెళ్తాడు. జీవితంలో ఆవిడ ఎదురుచూసిన పండగ ఏదైనా ఉందంటే ఈ పెళ్లి ఒక్కటే.

దాన్ని ఆవిడ నోరే చెడగొట్టింది.

మూడేళ్ల కిందట గున్నమ్మ తమ్ముడి గృహప్రవేశం. గున్నమ్మ పొద్దున్నే కళ్లాపి చల్లి, గేదెల పాక శుభ్రం చేసి, అటే వరండాకి వచ్చేసింది. అక్కడ అప్పటికే నలుగురు ఆడాళ్లు ఉన్నారు. వదిన కుర్చీలో కూర్చుని చేతులు చాపింది.

కనకదుర్గ చూసింది. ముక్కు మూసుకుంది.

"వదినా, ముందెల్లి ఆ పేడ కడుక్కుని రా. గోళ్ల కింద పిడకలెట్టుకుని వస్తే నానేటి రంగెయ్యాల, పిడకల మీదా?"

నలుగురూ నవ్వారు. గున్నమ్మ నవ్వలేదు. లేచి వెళ్లిపోయింది. మర్నాడు దాసు వచ్చి, చెల్లెలి మొహం చూడకుండా వరండా గుంజకి చెప్పాడు: "మీ వదిన నిన్ను మా గుమ్మం తొక్కొద్దంది." అంతే. ప్రవల్లిక చేతులు ఆ వరండాకి రావడం ఆగిపోయింది. కనకదుర్గ ఒక్కమాట వెనక్కి తీసుకుని ఉంటే సరిపోయేది. తీసుకుంటుందా? "పేడని పేడన్నాను, అందులో తప్పేటి?" అని మూడేళ్లూ అదే మాట మీద కూర్చుంది.

ఈ లోపు రోజా వచ్చి పడింది. రోజా ఎనిమిది నెలలు ఇదే వరండాలో కింద కూర్చుని పని నేర్చుకుంది. తర్వాత విశాఖపట్నం వెళ్లి ఏదో కోర్సు చేసి, సూట్‌కేసంత పెట్టెతో తిరిగొచ్చి, మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల షాపు తెరిచింది. పెట్టెలో ఎన్నో అరలు. రాళ్లకొక అర, రేకులకొక అర, అతికించే ప్లాస్టిక్ గోళ్లకొక అర. గిర్రున తిరుగుతూ గోరు అరగదీసే మిషను కూడా ఉంది. కనకదుర్గ ఆ పెట్టె గురించి వినగానే, "అది గోళ్ల పెట్టేటి? శవం పట్టేటంత ఉందట కదా" అంది.

ఈ వేసవిలో ప్రవల్లికకి చీడికాడ సంతోష్‌కుమార్‌తో పెళ్లి కుదిరింది. మావైపు సొంత ఆడపడుచుని పెళ్లికి పిలవాలంటే ఇంటికి వచ్చి నుదుట బొట్టు పెట్టి పిలవాలి. కనకదుర్గకి బొట్టు రాలేదు. కార్డు వచ్చింది, అదీ నా చేతికిచ్చి పంపించారు. కార్డుతో పాటు కబురు కూడా మోశాను: పెళ్లికూతురి గోళ్ల పని రోజాకి ఇచ్చారని.

చెప్పగానే స్టూలు విసిరింది. నేను గొప్ప చురుకైనవాణ్ణి కాబట్టి తప్పుకున్నాను, ఇంకొకడైతే ఈ పాటికి గోడ మీద ఫొటో అయ్యేవాడు.

"నాను ఎల్లను. బొట్టెట్టని పెల్లికి కుక్క కూడా ఎల్లదు."

పెళ్లినాడు పొద్దున్నే ఏడు గంటలకి ఫోను. "ఒరే, బండి తే. బేగి రా."

వెళ్లేసరికి పట్టుచీర కట్టుకుని వరండాలో నిలబడి ఉంది. చంకలో గుడ్డసంచి, సంచిలో క్యారేజీ ఆకారం.

"ఏటప్పా అది?"

"ఉప్మా."

"ఉప్మాకి అసిటోన్ వాసనేటి?"

"నోర్మూసుకుని తోలు. మేనత్తని కదా, ఎల్లకపోతే జనం నవ్వుతారని ఎల్తన్నాను. అంతే."

అంతే అని నేనూ అనుకున్నట్టు నటించాను. క్యారేజీని నా సీటు కింద పెట్టింది, లోపలికి తీసుకెళ్లలేదు.

దాసు ఇంటి ముందు పందిరి. ఆ రోజు పొద్దున్న కాళ్లగోళ్ల సంబరం ఉంది. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, కాళ్లకి పాలు పూసి, మంగలి కాలిగోళ్లు కత్తిరిస్తాడు. చుట్టాలు పళ్లెంలో డబ్బులు వేస్తారు. అది అయితేనే మంగళస్నానం, స్నానం అయితేనే పెళ్లిచీర. ముహూర్తం పదకొండు నలభైకి. కనకదుర్గ ఎవరినీ పలకరించకుండా వంటపాత్రల దగ్గర, వెనక వరసలో కూర్చుంది. ఎవరూ ఆవిడనీ పలకరించలేదు.

ప్రవల్లిక వచ్చి పీట మీద కూర్చుంది. చేతులవి పది, కాళ్లవి పది, ఇరవై గోళ్లూ ముదురు మెరూన్ రంగులో, బంగారు తీగలతో, తెల్ల రాళ్లతో ధగధగలాడుతున్నాయి. ముందురోజు రోజా ఆరు గంటల సేపు కూర్చుని చేసిందట. ఉన్నమాట చెప్పాలి, బాగుంది. వెనక వరసలో ఒక మనిషి పళ్లు కొరుక్కున్న చప్పుడు నాకు ఆటో దాకా వినపడింది.

మంగలి పరదేశి అరవై దాటిన మనిషి. ఈ ఊళ్లో మూడు తరాల పెళ్లికొడుకుల గెడ్డాలు ఆయన చేతి మీదుగానే పోయాయి. కింద కూర్చుని, పిల్ల కుడికాలు పట్టుకుని, పాలు పూసి, బొటనవేలి గోరుకి కత్తి ఆనించాడు. కత్తి జారింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ జారింది. నెయిల్ కట్టరు తీశాడు, దాని నోట్లో ఆ గోరు పట్టలేదు. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"అమ్మా, ఇది గోరు కాదు. పెంకు."

పందిరిలో గుసగుసలు మొదలయ్యాయి. కాళ్లగోళ్లు తియ్యాల్సిన రోజుకి ముందురోజు గోళ్ల మీద గోళ్లు కట్టించారన్నమాట. ఆ ఇంట్లో పెళ్లిచీర దగ్గర్నుంచి వంటమనిషి దాకా అన్నీ నెల్లాళ్లు ముందే ఆలోచించారు. ఇది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

దాసు తల్లి అచ్చియ్యమ్మ మంచం మీంచి లేచింది. కనకదుర్గకి ఆ నోరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ముసలమ్మని చూస్తే తెలుస్తుంది.

"గోరు తియ్యకండా తానమేటి? తానం నేకండా పీటలేటి? పెంకులు తియ్యండి."

"ఉత్తుత్తినే కత్తి తాకించి ఒగ్గీమను మామ్మా" అన్నారెవరో.

"ఉత్తుత్తినే తాళి కడతాడేటి ఆడు? తియ్యండి!"

గున్నమ్మ రోజా వైపు తిరిగింది. "తీసెయ్ బేగి."

రోజా మొహం తెల్లబోయింది. "తీసే సామాను తేలేదు పిన్నీ. ఇవి ఇరవై రోజులుంటాయి, ఊడవు. మిషను షాపులో ఉంది."

"ఊడవేటి? నువ్వెట్టేవు, నువ్వే తియ్యి."

రోజా భయంతో తప్పు పని చేసింది. చర్మాన్ని వెనక్కి నెట్టే సన్న స్టీలు పుల్ల తీసి, బొటనవేలి రంగు అంచు కింద దూర్చి పైకి లేపింది. ప్రవల్లిక కెవ్వున అరిచింది. రంగు కొంచెం లేచింది, దాంతో పాటు అడుగున ఉన్న అసలు గోటి పొర కూడా లేచింది. పక్క నుంచి రక్తం వచ్చి పాల పళ్లెంలో పడింది.

"ఆపవే!"

ఆ అరుపుకి పందిరి మీద కాకులు లేచిపోయాయి. కనకదుర్గ వంటపాత్రల మధ్య నిలబడి ఉంది. "సెయ్యి తియ్యి! తియ్యి ముందు! ఇంకొక్కసారి లాగేవంటే గోరు మొత్తం వచ్చేత్తాది."

రోజా చెయ్యి తీసేసింది. అందరూ అటు తిరిగారు. నేను, ఎవరూ అడగకుండానే, షాపుకెళ్లి మిషను తెచ్చేస్తానని ముందుకొచ్చాను.

"నువ్వుండరా. దెబ్బ తగిలిన గోటి మీద మిషనెడితే గోరు లేచిపోద్ది. అసిటోన్ పోస్తే మంటకి ఈ ఆడగుంట సచ్చిపోద్ది. సేత్తో అరగదియ్యాల. అదీ మెల్లగా."

"అయితే తియ్యి మరి. సూస్తావేటి?" అంది గున్నమ్మ. మూడేళ్ల తర్వాత ఆడపడుచుతో ఆవిడ అన్న మొదటి మాట అది.

కనకదుర్గ కదల్లేదు. "నాను పిలవని మనిషిని. పిలవని మనిషి పెల్లికూతురి కాలు ముట్టుకుంటాదేటి?"

"కార్డంపేను కదా!"

"కార్డులు కిళ్లీకొట్టోడిక్కూడా పంపుతారు. బొట్టెట్టేవా?"

ప్రవల్లిక కాలు పట్టుకుని ఏడుస్తోంది. దాసు భార్యని చూశాడు, చెల్లెల్ని చూశాడు, చివరికి పందిరి గుంజని చూశాడు. గున్నమ్మ విసురుగా లోపలికెళ్లి కుంకం భరిణె తెచ్చింది. కనకదుర్గ ఎదురుగా నిలబడి, బొటనవేలు కుంకంలో ముంచి, ఆవిడ నుదుటి మీద గోడకి మేకు కొట్టినట్టు నొక్కింది. కుంకం ముక్కు మీద రాలి, పట్టుచీర మీద పడింది.

"సాలా?"

"సాలు" అంది కనకదుర్గ తుడుచుకోకుండానే. "ఒరే, నా ఉప్మా తే."

నేను పరిగెత్తి క్యారేజీ తెచ్చాను. ఆ పరుగు చూసినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

కింద కూర్చుని, పిల్ల కాలు తీసి తన తొడ మీద పెట్టుకుంది. ప్రవల్లిక కాలు వెనక్కి లాక్కుంది. "ఒద్దత్తా. నీ మీద కాలెట్టకూడదు."

"సిన్నప్పుడు మొకం మీద తన్నేవు. అప్పుడు గుర్తునేదేటి? పెట్టు."

ముందు రక్తం తుడిచి, దెబ్బ తగిలిన చోట చిన్న దూదిపింజ ఒత్తింది. ముతక బద్ద తీసుకుంది. గీకడం మొదలుపెట్టింది. అటూ ఇటూ కాదు, ఒకే వైపుకి, దెబ్బకి దూరంగా. బంగారు తీగ పొడై రాలింది. రాళ్లు ఒక్కొక్కటీ ఊడి పాల పళ్లెంలో పడ్డాయి. మెరూన్ దుమ్ము ఆవిడ చీర కుచ్చిళ్ల నిండా పరుచుకుంది.

"ఎంతసేపే?" గున్నమ్మ నెత్తి మీద నిలబడి అడిగింది.

"నీ నీడ అడ్డం తియ్యి, బేగి అవుతాది."

"గంటన్నర ఉంది ముహూర్తానికి."

"గేదెకి పాలు తియ్యడం కాదు ఇది. గోరు."

"అదిగో, మల్లీ గేదెల మాటెత్తింది! నీకు మా గేదెలంటే ఎందుకే అంత కుళ్లు?"

"గేదెలంటే నాకేటి కుళ్లు? అవి సేతులు కడుక్కోవు, నోరు కూడా ఎత్తవు. నీకంటే నయ్యం."

ముసలమ్మ మంచం మీంచి, "ఇద్దరికీ కలిపి ఒక దెబ్బేస్తాను" అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఎవరు ఎవరి మీద పడతారో తెలియదు.

కనకదుర్గ నోరు ఆగలేదు, చెయ్యి కూడా ఆగలేదు. వదినని తిడుతూ నడిమి బద్దకి మారింది. రోజాని తిడుతూ ప్రతి పది గీతలకీ ఒకసారి ఆగి, వేలితో గోరు వేడెక్కిందా అని చూసుకుంది. "సూసేవా ఇక్కడ? ఇక్కడాగిపోవాల. ఇంకో గీత గీస్తే నెత్తురే. నా దగ్గర ఎనిమిది నెలలు కూకున్నావు, ఇదేనా నేర్సుకున్నావు?" రోజా తల ఎత్తలేదు. ప్రవల్లిక ఏడుపు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. చూసేసరికి అత్త నడినెత్తి వైపు చూస్తూ కూర్చుంది.

నలభై నిమిషాలు పట్టింది. పట్టులాంటి బద్దతో చివరి పొర తీసేసరికి అడుగున అసలు గోరు బయటపడింది. ఉల్లిపొరంత పల్చగా, గులాబీరంగులో, ఒక పక్క చీలి ఉంది. పరదేశి ఊపిరి బిగబట్టి, చివర కొబ్బరి పీచంత ముక్క కత్తిరించాడు. ముక్క పళ్లెంలో పడింది. ఆడాళ్లు అక్షతలు వేశారు.

"అయిపోనాది తల్లీ. ఒక్కటి తీస్తే పదీ తీసినట్టే" అన్నాడు పరదేశి. ముసలమ్మ కూడా ఒప్పుకుంది.

అప్పుడు అందరి చూపూ ఆ కాలి మీద పడింది. రెండు కాళ్లకీ కలిపి తొమ్మిది గోళ్లు మెరూన్ రంగులో మెరుస్తుంటే ఒక్కటి మాత్రం బోడిగా, పుట్టినప్పటిలా ఉంది. పెళ్లిలో సన్నికల్లు మీద పెట్టే కాలది. పెళ్లికొడుకు మెట్టెలు తొడిగేటప్పుడు ఊరంతా చూసే కాలది.

"అత్తా," ప్రవల్లిక అంది, "దీనికి నువ్వెయ్యి."

గున్నమ్మ పెదాలు బిగించి, పక్కకి చూస్తూ, "ఎయ్యమనండి ఏదో. ఏసి పొమ్మనండి" అంది.

నేను చూశాను. నాకు తప్ప ఇంకెవరికీ అంత దగ్గర నుంచి కనపడలేదు. కనకదుర్గ చెయ్యి పై గిన్నెలోకి వెళ్లింది. మెరూన్ సీసా పైకి తీసింది. రోజా వేసిన రంగుకి అచ్చంగా సరిపోయే రంగు అది. ఎప్పుడు కొందో, ఎందుకు కొందో నాకు తెలియదు. మూత తిప్పింది. సన్న కుంచె పట్టుకుంది. పిల్ల బొటనవేలిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆ గోరు వైపు చూసింది. చీలిన పక్క మళ్లీ సన్నగా తడి అవుతోంది. చాలాసేపు చూసింది.

మూత పెట్టేసింది.

"ఎయ్యను."

"ఏటీ?"

"ఎయ్యకూడదు. పల్సబడిపోనాది. దీని మీద జెల్ ఏసి లాంపు కింద ఎడితే కాలిపోద్ది. మామూలు రంగేసినా సీము పడతాది. నెల్లాళ్లు ఏటీ ఎయ్యకూడదు."

"ఇంతసేపు తీసి ఇప్పుడు ఎయ్యనంటావా?" గున్నమ్మ గొంతు లేచింది. "అందరూ సూస్తన్నారు కదా! పెల్లికూతుర్ని బోడిగోటితో పీటల మీద కూకోబెట్టడానికే వచ్చేవా? మూడేల్లు దాచుకున్నావా ఈ పగ? బొట్టెట్టించుకున్నావు, నా పరువు తీసేవు, ఇంకా సాలలేదా?"

"గుంటకి పుండు పడతాదని సెప్తన్నాను."

"నీకు పిల్లలుంటే తెలిసేది!"

కనకదుర్గ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. రోజా వైపు తిరిగింది. ఆ వరండాలో రోజాకి మొట్టమొదట నేర్పింది అదే: దెబ్బ తగిలిన గోటికి రంగు పెట్టకూడదని. వచ్చిన కస్టమర్లని ఆ ఒక్క కారణంతో కనకదుర్గ ఎంతమందిని తిరగగొట్టిందో రోజా కళ్లారా చూసింది. ఒక్కమాట చెబితే సరిపోయేది. రోజా తన పెట్టె అరలు ఒక్కొక్కటీ మూస్తూ కూర్చుంది.

"నువ్వేస్తావేటే మరి?" కనకదుర్గ అడిగింది.

రోజా అడ్డంగా తలూపింది.

"ఎందుకెయ్యవో సెప్పు. నోరు నేదేటి?"

"నా సామాను... అయిపోయింది" అంది రోజా.

కనకదుర్గ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కమ్మీ బిగించింది. కుచ్చిళ్ల మీది మెరూన్ దుమ్ము దులుపుకుంది. నుదుటి మీది కుంకం మాత్రం దులుపుకోలేదు.

వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. పెళ్లి అయ్యేదాకా పందిరి చివర నిలబడింది. సన్నికల్లు మీద కాలు పెట్టినప్పుడు, మెట్టెలు తొడిగినప్పుడు, ఆ ఒక్క బోడి గోరునీ జనమంతా చూశారు. పెళ్లికొడుకు తల్లి వంగి, "అయ్యో, దానికేటైంది?" అని అడిగింది.

ప్రవల్లిక తలవంచుకునే, "మా అత్త ఎయ్యనంది" అని చెప్పింది.

ఏ ఉద్దేశంతో అందో ఆ పిల్లకే తెలియాలి. గున్నమ్మ మాత్రం, "విన్నారా, విన్నారా?" అంటూ చీడికాడ వాళ్లకి కథంతా మొదటి నుంచీ మొదలుపెట్టింది. పేడ దగ్గర నుంచి.

కనకదుర్గ భోజనానికి కూర్చోలేదు. ఆటో ఎక్కింది. దారిలో నేనే ఉండబట్టలేక, "సెప్పొచ్చు కదప్పా నలుగురికీ, గుంట కోసమే ఎయ్యలేదని. నన్ను సెప్పమంటే నాను సెప్పనా? నా మాట ఊరంతా వింటాది" అన్నాను.

"నీ మాట మేక కూడా ఇనదు. రోడ్డు సూసి తోలు."

పెళ్లై రెండు నెలలైంది. గున్నమ్మ చెప్పిన కథ చోడవరం అంతా తిరిగింది. మేనకోడలి పెళ్లిలో పగ తీర్చుకున్న ఆడపడుచని ఊళ్లో పేరు పడిపోయింది. తిట్లు తినడానికి వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు, పైగా కథ వినడానికి ఇంకా నలుగురు ఎక్కువ వస్తున్నారు. మొన్న నేను వరండా ముందు ఆటో ఆపేసరికి రావికమతం నుంచి వచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుని, మాట కలపడానికన్నట్టు అడుగుతోంది.

"నిజమేనా అప్పా? పెల్లికూతురి గోరుకి కావాలనే రంగెయ్యకండా ఒగ్గీసేవట?"

కనకదుర్గ ముతక బద్ద చేతిలోకి తీసుకుంది.

"ఔను, ఒగ్గీసేను. సెయ్యి సాపు."